మేస్త్రీ గారి పావంగుళం

ఆ వీధిలో ఏ ఇంట్లో తలుపు బిగుసుకుపోయినా అందరూ మూలమీది వడ్రంగి ఇంటి వంక చూసేవాళ్ళు. ఆయన్ని పేరు పెట్టి పిలిచే అలవాటు ఎవరికీ లేదు. పెద్దలకి మేస్త్రీ, పిల్లలకి మేస్త్రీ తాత, ఇంటావిడకి 'ఏమండీ'. మనిషి బంగారమే గానీ కంటబడ్డ ప్రతిదాన్నీ కొలిచే జబ్బు ఒకటి ఉండేది. ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళితే మనుషుల కంటే ముందు కుర్చీని పలకరించేవాడు. దాన్ని ఒకసారి ఊపి, కాళ్ళు సమంగా ఉన్నాయని తేలాకే కూర్చునేవాడు. ఆ ఊపుడికి కిర్రుమన్న కుర్చీల సొంతదార్లు ఆయన్ని రెండోసారి పిలవడానికి జంకేవాళ్ళు.

ఇంటి వెనక రేకుల షెడ్డు ఆయన పనిచోటు. అక్కడ ఉన్నంతసేపూ మెడలో ఒక నీలం ఏప్రాన్ వేలాడేది. దాని గుండెల మీద సన్నగా, పొడుగ్గా ఒక జేబు, అందులో ఒక పెన్సిలు. ఒక్కగానొక్క కూతురు చిన్నప్పుడు బల్ల కింద నుంచి పాక్కుంటూ వచ్చి, ఆయన వంగినప్పుడు ఆ పెన్సిలు కొట్టేసేది. కొట్టేసిందని ఆయనకి తెలుసు, తెలుసని దానికీ తెలుసు. అయినా ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని, నా పెన్సిలు మళ్ళీ ఎలక ఎత్తుకుపోయిందే అని షెడ్డంతా వెతికేవాడు. డబ్బాలు తిరగేసేవాడు, రంపం కింద చూసేవాడు. చిత్రిక పొట్టు గుట్ట వెనక ఎలక పొట్ట పట్టుకుని నవ్వేది. కూతురు ఎదిగి, సిగ్గు తెలిసే వయసు వచ్చాక కూడా ఆ ఎలక అప్పుడప్పుడూ వచ్చిపోయేదని ఇంటావిడ సాక్ష్యం చెబుతుంది.

ఇంత కాలం పీల్చిన రంపపు పొట్టు ఊరికే పోతుందా? ఒక చలికాలం దగ్గు పట్టుకుంది, ఎండాకాలం వచ్చినా వదల్లేదు. డాక్టరు ఎక్స్‌రే ఫొటో తీయించి, వెలుతురుకి పట్టి చూసి, ఇక చెక్క జోలికి వెళ్ళకండి, వెళ్ళకపోతే నిక్షేపంలా ఉంటారు అని చెప్పాడు. మొదటి సగమే మేస్త్రీ చెవికెక్కింది. షెడ్డుకి తాళం పడింది. పనిముట్లు పక్క వీధి వడ్రంగికి వెళ్ళిపోయాయి. ఏప్రాన్ ఒక్కటే ఇంట్లోకి వచ్చింది. దాన్ని ఉతకబోతే ఆయన ఒంటికాలి మీద లేచాడు, కర్ర వాసన పోతుందని. ఆ దుమ్ము ఇంట్లో ఉండటానికి వీల్లేదని ఆవిడా పట్టుబట్టింది. చివరికి ఏప్రాన్ ఒక సంచిలోకి, సంచి మూతి గట్టిగా ముడివేసుకుని అటక మీదికి వెళ్ళాయి.

ఇంటావిడ పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. రోజంతా జనంతో నెగ్గుకొచ్చి ఇంటికొస్తే, వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం వరసకట్టి ఉండేవి. ఉప్పు ఎక్కడుందో తెలియక ఒక రోజు ఆవిడ పంచదారతో కూర చేసింది. ఇంకో రోజు వచ్చేసరికి కిటికీ చువ్వల మధ్య దూరం కొలుస్తున్నాడు. తల ప్రాణం తోకకొచ్చిందంటే నమ్మండి.

అలాంటి రోజుల్లో కూతురు వచ్చి చల్లని కబురు చెప్పింది. మేస్త్రీ గాల్లో తేలిపోయాడు, అదే ఊపులో టేపు అందుకున్నాడు. ఆ కుటుంబంలో పుట్టిన ప్రతి బిడ్డా ఆయన చేసిన ఉయ్యాలలోనే పడుకుంది మరి, తన కూతురుతో సహా. కూతురు ఆయన చెయ్యి పట్టుకుని, ఉయ్యాల కొట్లో కొనేశాం నాన్నా, నువ్వు కష్టపడొద్దు అంది. ఎంతో ప్రేమగా అంది. ఆ ప్రేమే ఆయనకి గుచ్చుకుంది. సరేనమ్మా అన్నాడు. టేపు సర్రున లోపలికి పోయింది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

పడుకోబోయే ముందు మాత్రం ఇంటావిడతో ఒక మాట అన్నాడు.

"కొట్టు ఉయ్యాలైతే కొట్టు ఉయ్యాలే. కానీ అందులో నా చేత్తో చేసింది ఒక్కటైనా ఉండాలి. లేకపోతే నేను వట్టి చేతుల తాతనే."

ఆవిడ ఆ మాట మనసులో పెట్టుకుంది. పోస్టాఫీసు నోటీసు బోర్డు మీద ఒక కాగితం చాన్నాళ్ళుగా రెపరెపలాడుతోంది. లైబ్రరీ మేడ మీద, ఆదివారం పొద్దున్న, గుడ్డ ముక్కలు అతికి బొంతలు కుట్టడం సరదాగా నేర్పబడును, ఎవరైనా రావచ్చు అని. ఆవిడ ఇంటికొచ్చి, ఆ కాగితం సంగతి చెప్పి, గుడ్డకి దుమ్ము ఉండదు తెలుసా అని మాత్రం అంది. మేస్త్రీ ముందు నవ్వాడు. తర్వాత ఉడుక్కున్నాడు. రంపం పట్టిన చేతికి సూదా అన్నాడు. ఆవిడ ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తీసి మంచం మీద పెట్టింది. ఆ ఇంట్లో నిర్ణయాలు అలాగే జరుగుతాయి.

లైబ్రరీ కింద ఒక బేకరీ ఉంది. మేడ మీది గదికి మెట్లెక్కుతుంటే రొట్టె వాసన కూడా వెంట వస్తుంది. గది మధ్యలో పెద్ద బల్ల, దాని చుట్టూ పది పన్నెండు మంది. మేస్త్రీ బల్లని ఊపి చూశాడు. కదలలేదు. కాస్త గౌరవం కలిగింది. నేర్పే ఆవిడ బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. గొంతు ఇంకా ఆఖరి సీటు దాకా వినబడుతుంది, మెడలో విజిల్ ఇంకా వేలాడుతోంది. ఎవరి కుట్టు వంకర పోయినా విజిల్ మోగుతుంది. లోపలికి జరగండి, బల్ల మధ్యలో బోలెడు ఖాళీ ఉంది అని ఆవిడ అరిచేసరికి మేస్త్రీ బడిపిల్లాడిలా వెళ్ళి కూర్చున్నాడు.

మొదటి నెల ఆయనకి నరకం. వేళ్ళేమో మొద్దు, సూదేమో వెంట్రుక. దారం సూదిలోకి వెళ్ళేలోపు పక్కవాళ్ళు ఒక వరస కుట్టేసేవాళ్ళు. పక్క కుర్చీలో కూర్చునే పళ్ళ డాక్టరమ్మ ఆయన అవస్థ చూడలేక దారం ఎక్కించి పెట్టేది. ఆ అమ్మాయి కుట్టు గుడ్డ మీద కనబడదు, నోట్లో కుట్లు వేసి వేసి అలా వచ్చిందట. బాబాయ్, సూదిని సుత్తిలా పట్టుకోకండి, అది పారిపోదు అనేది. కుట్టుమిషను దగ్గర ఆయన ఇంకో మనిషి. కాలితో ఒక్క తొక్కు తొక్కితే గుడ్డ అటు నుంచి బల్ల దాటి నేల మీద పడింది. కండక్టరమ్మ విజిల్ ఊదీ ఊదీ అలిసిపోయి, ఇది ఎక్స్‌ప్రెస్ కాదు అన్నయ్యా, పాసింజరు అని ఆయన కాలి కింద పాత పుస్తకం ఒకటి పెట్టింది.

కానీ గుడ్డ కత్తిరించే రోజు వచ్చేసరికి మేస్త్రీ రాజు. గుడ్డకీ నార ఉంటుందని, దాని వాటానే కొయ్యాలని కండక్టరమ్మ చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. చెక్క లాంటిదే! స్కేలు పెట్టి, గీత గీసి, ఊపిరి బిగబట్టి కోస్తే ముక్క మూలలు చాకు అంచుల్లా వచ్చాయి. ఇంటికి వెళ్ళి ఆ పూట ఇంటావిడకి బొంతల గురించి గంటసేపు పాఠం చెప్పాడు. ఆవిడకి కునుకు పట్టింది గానీ కడుపు నిండిపోయింది. పాత మనిషి తిరిగొచ్చాడు.

వీధిలో మాత్రం ఈ సంగతి దాచాడు. లైబ్రరీలో బీరువాలు బాగుచెయ్యడానికి వెళుతున్నానని మేకుల కొట్టతనితో కోతలు కోశాడు. ఆ కొట్టతను ఒకసారి ఆయన భుజం మీద నుంచి గులాబీ రంగు దారం తీసి, వెలుతురులో చూసి, బీరువాలు బాగానే ముస్తాబవుతున్నట్టున్నాయే అన్నాడు. ఇక ఆ తర్వాత దాచడానికి ఏమీ మిగల్లేదు.

బొంతకి గుడ్డ ఇంటావిడ ఇచ్చింది. ట్రంకుపెట్టె అడుగున ఆవిడ ఇన్నాళ్ళూ దాచినవన్నీ ఒక్కొక్కటే పైకి తీసింది. కూతురి బాతుబొమ్మల పసుపు గౌను, బడికి వేసుకెళ్ళిన గళ్ళ గౌను, జ్వరం వచ్చినప్పుడల్లా కావాలని ఏడ్చి వేయించుకున్న మెత్తటి ఊదారంగు చొక్కా, వాళ్ళిద్దరూ కాపురం పెట్టిన మొదటి గది కిటికీకి కట్టిన పరదా. ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. చిన్న గౌన్లలో గుడ్డ ఎంత ఉంటుంది గనక? అన్నీ కలిపినా లెక్కకి సరిపోయీ సరిపోనట్టుంది.

"ఇవి మళ్ళీ పుట్టవు. చూసి కత్తెర వెయ్యండి," అంది.

ఆయన తన జీవితంలో దేన్నీ చూడకుండా కోసిన పాపాన పోలేదు. ముందు ఉయ్యాల కొలత కావాలి. కూతుర్ని అడిగితే గుట్టు కాస్తా బయటపడిపోతుంది. అందుకని కొట్టుకే వెళ్ళాడు. అల్లుడు కొని అక్కడే ఉంచిన ఉయ్యాలని పొడవు, వెడల్పు కొలిచి, ఊరుకోలేక నేల మీద వెల్లకిలా పడుకుని కింద నుంచి కూడా చూశాడు. అమ్మే కుర్రాడు కంగారుపడి ఏం కావాలండీ అంటే, జిగురు కావాలి, ఒక్క అతుకులోనూ జిగురు లేదు, అంతా స్క్రూలే అని లేచి దులుపుకుని వచ్చేశాడు. ఆ రాత్రి ఉయ్యాల పరువు గురించి ఇంటావిడ చాలా వినాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. కండక్టరమ్మ ప్రతి ఆదివారం పాట పాడినట్టు ఒక మాట చెప్పేది. ఏ ముక్క కోసినా నాలుగు వైపులా పావంగుళం ఎక్కువ వదలండి, కుట్టుకి పోతుంది అని. మేస్త్రీ విన్నాడు. తల ఊపాడు కూడా. కానీ లోపల ఏమనుకున్నాడంటే, ఇది కోత సరిగ్గా రానివాళ్ళ కోసం చెబుతున్న మాట అనుకున్నాడు. చెయ్యి వణికితే సర్దుకోవడానికి వదిలే ఎక్స్‌ట్రా అన్నమాట. ఆయన చెయ్యి వణకదు. అడుగు చెక్క పక్కన ఇంకో అడుగు చెక్క పెట్టి జిగురేస్తే రెండడుగులే అవుతుంది, రెండడుగులకి ఒక్క నూలుపోగు తగ్గదు. జీవితమంతా ఆయన అతికింది అలాగే. గుడ్డ అయితే ఏం? అందుకని బ్రౌన్ కాగితం మీద గీసుకున్న కొలతకి, గీత మీద గీతలా, బొత్తిగా అంతే కోశాడు.

పైగా వడ్రంగి కదా, జిగురు పెట్టే ముందు ఒకసారి అమర్చి చూసుకోవడం అలవాటు. లైబ్రరీ బల్ల మీద సుద్దముక్కతో ఉయ్యాల గీశాడు. ముక్కలన్నీ పక్కపక్కన పేర్చాడు. సుద్దగీతని తాకుతూ, ఇటు వెంట్రుక ఎక్కువ లేదు, అటు వెంట్రుక తక్కువ లేదు. కండక్టరమ్మ ఒక ముక్క తీసి అందరికీ చూపించి, కొయ్యడమంటే ఇదీ అంది. విజిల్ కూడా ఊదింది, ఈసారి మెచ్చుకోలుగా. ఆ ముక్క ఎంత ఉండాలో ఆవిడకేం తెలుసు పాపం? మేస్త్రీ మీసం మీద చెయ్యేసుకున్నాడు.

తర్వాత ఎన్నో ఆదివారాలు, ఇంటి దగ్గర ఎన్నో మధ్యాహ్నాలు, కిటికీ పక్కన కూర్చుని కుట్టాడు. ముక్కకి ముక్క, వరసకి వరస. కుట్లు కూడా కొలత తప్పలేదు, పావంగుళం లోపలికి, రూళ్ళు గీసినట్టు. దగ్గు కూడా తగ్గింది. కుట్టేటప్పుడు సన్నగా ఈల వేసేవాడు. ఆ ఈల విని చాలా రోజులైందని ఇంటావిడ వంటింట్లో నిలబడి వినేది.

ఆఖరి వరస అతికిన ఆదివారం అందరూ బల్ల చుట్టూ మూగారు. అదే కొలతకి సుద్దగీత మళ్ళీ గీసుకున్నాడు. మేస్త్రీ కొత్త టేబులు మీద గుడ్డ పరిచే హోటలు సర్వరులా దులిపి పరిచాడు.

చుట్టూ సుద్దగీత కనబడుతోంది. గీతకీ గుడ్డకీ మధ్య నాలుగు పక్కలా దగ్గర దగ్గర బెత్తెడు ఖాళీ బల్ల.

ముందు ముడతలేమో అనుకుని చేత్తో రుద్దాడు. తర్వాత ఇస్త్రీ చేశాడు. మూలలు పట్టుకుని లాగాడు. తన టేపు మీద అనుమానం వచ్చి కండక్టరమ్మ టేపు అడిగాడు. రెండు టేపులూ ఒకే మాట చెప్పాయి. చివరికి పళ్ళ డాక్టరమ్మ, పన్ను పీకాలని చెప్పే గొంతుతో మెల్లగా, బాబాయ్, కుట్టుకి వదిలారా అని అడిగింది.

అప్పుడు తెలిసింది. ప్రతి కుట్టూ రెండు వైపుల నుంచీ తలో పావంగుళం మింగింది. ఒక్కో కుట్టు తిన్నది కొంచెమే, కానీ అన్ని కుట్లూ కలిసి ఉయ్యాలని తినేశాయి. మళ్ళీ కొయ్యడానికి గౌను లేదు, పరదా లేదు. మేస్త్రీ బొంతని మడిచాడు, చంకలో పెట్టుకున్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగిపోయాడు.

తర్వాతి ఆదివారం ఆయన వెళ్ళలేదు. ఇస్త్రీ చొక్కా మంచం మీదే ఉండిపోయింది. వంటింటి డబ్బాలు మళ్ళీ ఎత్తు ప్రకారం నిలబడ్డాయి. ఇంటావిడ కాసేపు చూసింది, ఇక ఊరుకోలేకపోయింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"చెక్క పోయింది," అన్నాడు ఆయన. "పోనీలే గుడ్డ ఉందనుకున్నాను. గుడ్డ కూడా నా మాట వినలేదు."

"గుడ్డ వినకపోవడం కాదండీ. మీరు ఆవిడ మాట వినలేదు."

ఇంత నిజం అంత తేలిగ్గా అంటే ఎవరికైనా కోపం వస్తుంది. ఆయనకీ వచ్చింది. ముఖం మాడ్చుకుని కిటికీ వైపు తిరిగాడు. కానీ కిటికీ వైపు ఎంతసేపని చూస్తాడు, చువ్వల మధ్య దూరం ఎప్పుడో కొలిచేశాడాయె. కాసేపటికి, అవును, వినలేదు అన్నాడు. ఆ రెండు మాటలు ఆయన నోట రావడం ఇంటావిడ కాపురంలో అదే మొదలు. ఆవిడ మరీ సంతోషించినట్టు కనబడకుండా లేచి వెళ్ళి టీ పెట్టింది.

ఆ టీ తాగుతుండగానే విజిల్ వినబడింది. కండక్టరమ్మ గుమ్మంలో ఉంది, చేతిలో సంచి. పిలవకుండానే లోపలికొచ్చింది, కుర్చీ ఊపి చూసి కూర్చుంది. మేస్త్రీకి నవ్వాగలేదు.

"అన్నయ్యా, నిద్రపోయి స్టాపు దాటిపోయినవాళ్ళని ఎంతమందిని చూశాను! బస్సులోనే కూర్చుని ఏడవరు కదా, దిగి నడుస్తారు. చిన్నదైతే చుట్టూ అంచు వెయ్యి. ఒకటే గుడ్డ, మెత్తటిది, నలిగింది. ఈసారి పావంగుళం వదిలి."

సంచిలోంచి రకరకాల గుడ్డలు తీసి పరిచింది. మంచివే, కొత్తవే. మేస్త్రీ ఒక్కొక్కటీ పట్టుకుని చూశాడు, నార వాటం మెచ్చుకున్నాడు, పక్కన పెట్టాడు. ఆ గౌన్ల పక్కన కొట్టు గుడ్డ చుట్టంలా ఉంది. మెత్తటిది, నలిగింది. ఆయన చూపు నెమ్మదిగా అటక మీదికి వెళ్ళింది. ఇంటావిడ కూడా అటే చూసింది, కానీ పెదవి విప్పలేదు. ఈ మాట ఆయనే అనాలి.

"ఆ సంచి దించు," అన్నాడు.

"ఉతకాలి మరి. ఉతికితే వాసన పోతుంది."

"పోనీ. నాకే వద్దన్న దుమ్ము, పుట్టే బిడ్డకెందుకు?"

ఆవిడ ఆయన్ని వీధిలోకి పంపేసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పెరట్లో ఆ ఏప్రాన్‌ని నానబెట్టి, రుద్ది, జాడించి, మళ్ళీ నానబెట్టింది. నీళ్ళు తేటగా వచ్చేదాకా వదల్లేదు. తీగ మీద ఆరేసినప్పుడు చూస్తే అది ఆయన ఏప్రాన్ అంటే ఆయనే నమ్మలేదు. నీలం వెలిసి, ఉదయం ఆకాశం రంగు తేలింది. చెంపకి ఆనించి చూశాడు. పసిబిడ్డ చెంపకి కూడా ఆనించవచ్చనిపించింది. కళ్ళు చెమర్చాయి. ఏప్రాన్ ఇంకా కాస్త తడిగా ఉందని ఇంటావిడతో అన్నాడు.

తర్వాతి ఆదివారం మెట్లెక్కేసరికి అందరూ బల్ల దగ్గర చోటిచ్చారు. మేస్త్రీయే లేచి నిలబడి, పావంగుళం గురించి అందరికీ పాఠం చెప్పాడు. గుడ్డ కలపడమంటే రెండు చెక్కలు పక్కన పెట్టడం కాదు, ఇద్దరూ తలా కాస్త లోపలికి తగ్గితేనే కలుస్తారు అన్నాడు. పళ్ళ డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. ఆ రోజు నుంచి ఆ గదిలో కుట్టుకి వదిలే గుడ్డకి 'మేస్త్రీ' అనే పేరు పడింది. ఇటు మేస్త్రీ వదిలారా, అటు మేస్త్రీ తక్కువైంది అని ఇప్పటికీ అంటారు.

అంచు కోసేటప్పుడు జేబు అడ్డొచ్చింది. నాలుగో పట్టీ ఆ చోటు నుంచే రావాలి, జేబు తీస్తే గానీ కత్తెర ఆడదు. కుట్లు విప్పి జేబు తీస్తే కింద గుడ్డ వెలవలేదు, కొన్న రోజు ఉన్న ముదురు నీలం అలాగే ఉంది. పెన్సిలంత పొడుగున, ఎండ తగలని ఒక మచ్చ. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. పట్టీ కోశాక జేబుని మళ్ళీ అదే చోట పెట్టి, పాత కన్నాల్లోంచే సూది పోనిచ్చి కుట్టేశాడు.

మధ్యలో దూది పొర, కింద మెత్తటి తెల్లగుడ్డ పెట్టి మూడు పొరలూ కలిపి కుట్టడం నడుస్తోంది. చుట్టూ అంచు మడిచి కుట్టడం ఒక్కటే మిగిలింది అనగా, ఆ ఆదివారం పొద్దున్న ఫోను మోగింది. అల్లుడు. ఆడపిల్ల, తల్లీ బిడ్డా చల్లగా ఉన్నారు. మేస్త్రీ సరే సరే అని ఫోను పెట్టేసి, గదిలో వాళ్ళందరికీ ఆడపిల్ల అని చెప్పి, మళ్ళీ ఇటు తిరిగి ఆడపిల్ల అని చెప్పాడు. సూది పట్టుకున్నాడు. చెయ్యి వణికింది. జన్మలో వణకని చెయ్యి, దారం కన్నంలోకి పంపలేనంతగా వణికింది.

అప్పటిదాకా ఆ బొంత మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదాయన. పళ్ళ డాక్టరమ్మ దారం ఎక్కించడమే తప్ప ఒక్క కుట్టు వేసి ఎరగదు. మేస్త్రీ సూది బల్ల మీద పెట్టి, అందరి వంకా చూసి, తలో పక్కా పట్టండమ్మా అన్నాడు. కుర్చీలు గరగరా జరిగాయి. డాక్టరమ్మ ఒక పక్క, కండక్టరమ్మ ఒక పక్క, మిగతావాళ్ళు మరో పక్క, ఆయన చెయ్యి నిలిచాక తన పక్క. డాక్టరమ్మ కుట్టు కంటికి ఆనలేదు. కండక్టరమ్మ కుట్లు చిన్న ఊళ్ళలో ఆగని ఎక్స్‌ప్రెస్సులా అంగలేసుకుంటూ పోయాయి. ఇంకెవరిదో పక్కకి ఒరిగింది. ఇదివరకటి మేస్త్రీ అయితే అవన్నీ విప్పించేవాడు. ఈ మేస్త్రీ ఆ వంకర కుట్లని వేలితో తడిమి, బాగున్నాయి అన్నాడు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు కాబట్టి నిజంగానే బాగున్నాయి. ఆఖరి ముడి పడగానే విజిల్ ఎంత గట్టిగా మోగిందంటే కింద బేకరీ అతను ఏమైందోనని పైకి పరిగెత్తుకొచ్చాడు, చేతికి పిండితో.

బిడ్డ ఇంటికొచ్చిన రోజు మేస్త్రీ, ఇంటావిడ వెళ్ళారు. వెళ్ళగానే ఆయన ఉయ్యాలని ఊపి చూశాడు. ఒక కాలు కొంచెం ఆడింది. అనుకున్నాను అని, కాగితం మడిచి కాలి కింద పెట్టాడు. ఇంటావిడ తల పట్టుకుంది. తర్వాత సంచిలోంచి బొంత తీసి పరిచాడు. తలవైపు నుంచి కాళ్ళవైపు దాకా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఇటు వెంట్రుక ఎక్కువ లేదు, అటు వెంట్రుక తక్కువ లేదు.

కూతురు బిడ్డని ఎత్తుకుని చూస్తూ నిలబడింది. బాతుల్ని గుర్తుపట్టింది. గళ్ళ గౌను, ఊదారంగు చొక్కా. అమ్మా, ఇది ఆ గది పరదా కదూ అంది. ఇవన్నీ నువ్వు కుట్టావా నాన్నా అని నమ్మలేనట్టు ఆయన చేతుల్ని చూసింది. అంతలో చూపు అంచు మీద పడింది. వెలిసిన నీలం గుడ్డ, దాని మీద సన్నగా, పొడుగ్గా ఒక జేబు.

నెమ్మదిగా రెండు వేళ్ళు జేబులోకి పోనిచ్చింది. పొట్టిదైపోయిన పెన్సిలు ఒకటి పైకొచ్చింది. షెడ్డుకి తాళం వేసిన రోజు ఆయన చేతిలో ఉన్నది అదే. కూతురి కళ్ళు నిండిపోయాయి, అయినా నవ్వుతోంది. ఆ పెన్సిలు చీర చాటున దాచేసింది, చిన్నప్పటి అంత వేగంగానూ.

మేస్త్రీ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ఉయ్యాల కింద వంగి చూశాడు, దిండు ఎత్తి చూశాడు, అల్లుడి జేబు కూడా తడిమాడు. "నా పెన్సిలు మళ్ళీ ఎలక ఎత్తుకుపోయిందే," అన్నాడు.

కూతురు బిడ్డని తీసుకొచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"ఇదిగో నాన్నా, కొత్త ఎలక. పెన్సిలు ఎక్కడ పెట్టిందో దీన్నే అడుగు."

మేస్త్రీ అడిగాడు. బిడ్డ ఆవలించింది. ఆయన వట్టి చేతులు నిండుగా ఉన్నాయి.